గుమ్మం జరిగిన ఊరు
(హైదరాబాద్ దారులు – 7వ భాగం)

ఉప్పుందా? పొగాకుందా? పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజధాని చేరిన పరదేశి మూట విప్పించి కావలివాళ్లు ముఖ్యంగా వెతికిన సరుకులు ఈ రెండే. రాజుగారి బొక్కసానికి పెద్ద రాబడి వీటి మీదే మరి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియె ఈ సోదా తంతునంతా రాసిపెట్టాడు. వచ్చినవాడు ద్వారం దగ్గరే ఆగాలి. ఒక సిపాయి పోయి కావలి దళం అధికారికి చెప్పాలి. ఆయన దరోగాకు కబురంపాలి. దరోగా పనిలో ఉండొచ్చు, ఊరి బయట షికారులో ఉండొచ్చు. ఒక్కోసారి ఆ సిపాయే కావాలని, దొర కనపడలేదంటూ తిరిగొస్తాడు. మళ్లీ తిరిగినందుకు మళ్లీ ముట్టజెప్పాలి కదా! అలా ఒకటి రెండు రోజులు ఊరి బయటే పడిగాపులు. వజ్రాలు కొనడానికి వచ్చినవాడికైనా అదే గతి.

ఆ కాలంలో గుమ్మం మూసీ ఒడ్డున ఉండేది. కోట నుంచి కార్వాన్ మీదుగా వచ్చే దారి పురానాపూల్ దాటి కొత్త నగరంలో అడుగుపెట్టేది. 1578లో కట్టిన ఆ వంతెన కథ పోయిన భాగంలో చెప్పుకున్నాం, మళ్లీ ఎత్తుకోను. ఈసారి కథ గుమ్మానిది. నాలుగు వందల ఏళ్లలో ఈ ఊరి గుమ్మం చాలాసార్లు చోటు మార్చింది. వంతెన దగ్గర నుంచి సికింద్రాబాద్ ప్లాట్‌ఫారానికి, గౌలిగూడ బస్సు షెడ్డుకు, బేగంపేట రన్‌వేకు, చివరికి శంషాబాద్‌కు. జరిపినవాళ్ల అవసరం ఒకటి, అందులోంచి నడిచొచ్చినవాళ్ల అవసరం ఇంకొకటి. జరిగిన ప్రతిసారీ ఊరు కూడా దాని వెనకే పోయింది.

తవెర్నియె నాటి పెద్దదారి బందరు దారి. గోల్కొండ రాజ్యానికి సముద్రమంటే మచిలీపట్నం రేవే. ఆయన లెక్క ప్రకారం గోల్కొండ నుంచి బందరుకు నేరుగా పోతే 100 కోసులు. కొల్లూరు వజ్రాల గనులు చూసుకుంటూ పోతే 112. ఆ దారి ఇప్పటికీ బతికే ఉంది. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు జాతీయ రహదారిలో తూర్పు సగం పోయేది దాదాపు ఆ దిశలోనే. ఎల్బీ నగర్ దాటి హయత్‌నగర్‌లో బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాస్త పక్కకు పోయి చూడండి. హయాత్ బక్షీ బేగం పేరు మీది మసీదు, దాని చుట్టూ బారులు తీరిన సరాయి గదులు, ఏనుగులతో నీళ్లు తోడించేవారని చెప్పుకునే హాథీ బావి కనిపిస్తాయి. బందరు నుంచి వచ్చే బిడారుకు నగరం ముందు పెద్ద మజిలీ అది. ఇవాళ విజయవాడ బస్సులో నిద్రపోయినవాణ్ని క్లీనర్ తట్టి లేపేది కూడా ఆ చుట్టుపక్కలే.

గోల్కొండ నుంచి దక్షిణానికి, కన్యాకుమారి దాకా, చక్రాల బండ్ల వాడుక లేదని కూడా తవెర్నియె రాశాడు. సరుకు ఎద్దుల మీద, మనిషి పల్లకీలో. నూట యాభై ఏళ్లు గడిచాకా పల్లకీ పల్లకీగానే ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో కాశీకి బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాద్ వచ్చింది బోయీల భుజాల మీదే. కుటుంబం, వంటవాళ్లు, సామాను మోసేవాళ్లు, కాపలాదార్లు కలిసి చిన్న ఊరే కదిలినట్టు ప్రయాణం. తిరిగి ఇల్లు చేరింది మరుసటి ఏడాది సెప్టెంబరు 3న. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లు దొరుకుతాయి, ఏ వాగు ఎలా దాటాలి అన్నీ ఆయన ఉత్తరాల్లో రాసుకుంటూ పోయాడు. ఆ ఉత్తరాలే కూర్చి 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రను చాలామంది సాహిత్యంగా చదువుతారు. నాకు మాత్రం అది ముందు దారి పుస్తకం, ఆ తర్వాతే సాహిత్యం.

ఇక రైలు. అసలు పేచీ ఇక్కడే మొదలైంది.

బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గం, మద్రాసు నుంచి వచ్చిన మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. అప్పటికి రాయచూరు, గుల్బర్గా రెండూ నిజాం రాజ్యంలోవే. అంటే ఇంగ్లీషువాళ్ల రైలు నిజాం నేల మీంచి పోయింది కానీ నిజాం ఊళ్లోకి రాలేదు. బొంబాయికీ మద్రాసుకూ దగ్గరి దారి కావాలి వాళ్లకు. మధ్యలో హైదరాబాద్ కోసం వంకర తిరగాల్సిన పని ఏముంది?

ఆ మార్గం మీది వాడి అనే చోటు నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 190 కిలోమీటర్ల శాఖ వేశారు. డబ్బు నిజాం సర్కారుది, మంతనాలు నడిపింది దివాను మొదటి సాలార్‌జంగ్, తొందర బ్రిటిష్‌వాళ్లది. 1874 అక్టోబరు 9న ఆ లైను మొదలైంది. లైను చివర ఎక్కడ పెట్టారన్నది గమనించండి. చార్మినార్ దగ్గర కాదు, రెసిడెన్సీ ముందూ కాదు. 1806 నుంచి బ్రిటిష్ దండు విడిది చేసిన సికింద్రాబాద్‌లో. 1857 తిరుగుబాటు చూసిన ప్రభుత్వానికి తన బలగం ఉన్నచోటికి రైలు పోవడం ముఖ్యం. రాజధానిలోని జనం ఏ స్టేషన్‌లో దిగుతారన్నది ఆ తర్వాతి సంగతి. ఇవాళ్టికీ విజయవాడ నుంచో ముంబయి నుంచో వచ్చేవాణ్ని ఎక్కడ దిగుతున్నావంటే ‘సికింద్రాబాద్’ అంటాడు. హైదరాబాద్ అని బోర్డున్న నాంపల్లి స్టేషన్ భవనం 1907లో లేచింది. మీటర్‌గేజి బండ్లకు కాచిగూడలో 1916లో ఇంకో అందమైన భవనం కట్టారు. అయినా మొదటి గుమ్మం పేరు జనం నోట్లోంచి పోలేదు.

ఈ రైలు చుట్టూ పెద్ద రాజకీయమే నడిచింది. సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరిలో పోయాడు. అదే ఏడాది లండన్‌లో ఒక కంపెనీ పుట్టింది: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పెట్టుబడి పెట్టినవాళ్లకు వడ్డీ వస్తుందని నిజాం ఖజానా హామీ, అందుకే పేరులోనే గ్యారంటీ. లాభమొస్తే వాటాదారుడిది, నష్టమొస్తే రైతు కట్టిన శిస్తులోంచి తీర్చాలి. చాందా వైపు లైను పొడిగించే ఈ ఏర్పాటు షరతులేమిటో బయటపెట్టండి, జనంతో చర్చించండి అని అడిగినవాళ్లలో ముందున్నవాళ్లు ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ్ చటోపాధ్యాయ. హైదరాబాద్‌లో ఇంగ్లీషు ఉన్నత విద్యకు పాదులు వేసిన శాస్త్రవేత్త అఘోరనాథ్. రైలు ఒప్పందం గురించి అడిగిన పాపానికి 1883లో ఆయన్ని రాజ్యం నుంచే పంపేశారు. కొన్నేళ్లకు గానీ తిరిగి రానివ్వలేదు. ఆయన కూతురు సరోజినికి అప్పుడు నాలుగేళ్లు. హైదరాబాద్ రాజ్యంలో ఆధునిక రాజకీయ ఆందోళన ఎక్కడ మొదలైందంటే చాలామంది చరిత్రకారులు ఈ రైలు గొడవ దగ్గరే వేలు పెడతారు. దారి ఎటు వేయాలన్నది ఇంజనీరుకు వదిలేసే విషయం కాదని నూట నలభై ఏళ్ల కిందటే ఇక్కడివాళ్లకు తెలుసు.

లైను తూర్పుకు సాగింది. వరంగల్, డోర్నకల్ దాటి 1889లో బెజవాడ చేరింది. దీన్ని లాక్కుపోయిన బలం సింగరేణి బొగ్గు. డోర్నకల్ నుంచి ఇల్లెందు గనులకు ఒక కొమ్మ వేశారు, బొగ్గు రైలెక్కింది, దాని వెనకాలే మనిషీ ఎక్కాడు. సరిగ్గా లెక్కేస్తే బొంబాయివాడు రైల్లో హైదరాబాద్ రావడం మొదలుపెట్టిన పదిహేనేళ్లకు గానీ బెజవాడవాడికి ఆ భాగ్యం కలగలేదు. తెలుగు దేశానికి నడిబొడ్డున ఉన్న నగరానికి పడమటి గుమ్మమే ముందు తెరిచారన్నమాట. కృష్ణ అవతలివాళ్లకు 1893లో బెజవాడ దగ్గర రైలు వంతెన పడేదాకా నది ఒక అడ్డం. గోదావరి ఆవలివాళ్లకు 1900లో హేవ్‌లాక్ వంతెన మీద బండ్లు నడిచేదాకా రాజమండ్రి రేవులో పడవ తప్పదు.

అలా బెజవాడలో బండెక్కినవాడు ఎర్రుపాలెం చేరేసరికి ఇంకో రాజ్యంలో ఉంటాడు. జేబులోని రూపాయి మారిపోతుంది. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దారు అనేవారు, నిజాం రూపాయి హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీ. ఆ లెక్క సరిగా రానివాడు టీ నీళ్ల దగ్గర కూడా మోసపోయేవాడు. ఇక కరోడ్‌గిరీ. బయటి సరుకు ఏది రాజ్యంలోకి వచ్చినా నూటికి అయిదు చొప్పున సుంకం వసూలు చేసే శాఖ అది. కొత్త పంచెల చాపు, ఇత్తడి బిందె, పెళ్లికూతురి సారె అన్నిటి మీదా వాళ్ల కన్ను. వాడినదని చెప్పడానికి కొత్త చీరను ఒకసారి కట్టి మడత నలిపేవాళ్లట. తవెర్నియె చూసిన ఉప్పు పొగాకు సోదా మూడు వందల ఏళ్లు బతికి రైలెక్కింది, అంతే.

రైలు వల్ల హైదరాబాద్‌కు రెండోసారి అన్యాయం జరిగింది కూడా ఆ రోజుల్లోనే. కాజీపేట నుంచి బల్లార్షాకు లైను 1920ల చివర్లో పూర్తయింది. దానితో ఢిల్లీ నుంచి మద్రాసుకు తిన్నని దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ దారి పట్టింది. ఆ దారి కాజీపేట, వరంగల్, బెజవాడ మీదుగా పోతుంది. రాజధాని పక్కనే ఉన్నా పలకరించదు. 1871లో వాడి దగ్గర తప్పించుకున్న పెద్దలైను ఈసారి కాజీపేట దగ్గర తప్పించుకుంది. ఇప్పటికీ ఢిల్లీ–చెన్నై బండ్లకు కాజీపేట, వరంగల్‌లే దిక్కు. దేశంలో ఇంత పెద్ద నగరం రెండు ప్రధాన రైలుమార్గాలకూ పక్కనుండిపోవడం నాకు వింతగానే తోస్తుంది.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ చేతిలోంచి తీసుకుంది. రెండేళ్లు తిరక్కుండానే ఆ రైల్వే రోడ్డెక్కింది. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నిజాం రాష్ట్ర రైల్వే కిందే రోడ్డు రవాణా శాఖ పుట్టింది. తర్వాత 1958 జనవరి 11న ఏర్పడిన ఏపీఎస్‌ఆర్టీసీకి అదే మూలం. ఆ మొదటి బస్సులు స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆల్బియన్‌లు. ఇవాళ హైదరాబాద్ రోడ్డు మీద ఆర్టీసీ సొంత బస్సు నంబరు ప్లేటు చూస్తే అందులో ‘జడ్’ అక్షరం ఉంటుంది. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు బస్సులకు పెట్టాలనుకున్నాడని, సర్కారు ఆస్తికి ఆ పేరు కుదరదంటే మొదటి అక్షరంతో సరిపెట్టారని ఆర్టీసీలో తరాలుగా చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, అక్షరం మాత్రం తొంభై ఏళ్లుగా చెక్కుచెదరలేదు.

రోడ్డు ప్రయాణానికి గుమ్మం గౌలిగూడలో. ఆ బస్టాండు గుండ్రటి కప్పు చూసినవాళ్లకు అది బస్సుల కోసం పుట్టింది కాదని ఇట్టే తెలిసేది. మిసిసిపీ హ్యాంగర్ అనేవారు దాన్ని. విమానం నిలిపేందుకు చేసిన రేకుల షెడ్డు అది, అమెరికా నుంచి దిగుమతి. దాని కింద దశాబ్దాల పాటు నల్గొండ బస్సు, మహబూబ్‌నగర్ బస్సు, బీదర్ బస్సు పొగ వదిలాయి. 1994లో పక్కనే మూసీ నడుమ ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ తెరిచాక దూరపు బస్సులు అటు తరలిపోయాయి. షెడ్డు సిటీ బస్సులకు మిగిలింది. 2018 జులై 5న ఆ కప్పు మొత్తం కుప్పకూలింది. ముందే ఖాళీ చేయించడంతో ప్రాణాలు పోలేదు. కూలిన రేకుల ఫోటోలు చూసి బాధపడినవాళ్లలో అక్కడ ఎప్పుడో ఒక రాత్రి మూట తల కింద పెట్టుకుని పడుకున్నవాళ్లు చాలామందే ఉండి ఉంటారు.

విమానం మాట. 1932 అక్టోబరులో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచులతో ఎగిరిన కథ అందరికీ తెలుసు. ఆ సంచులను అక్కణ్నుంచి మద్రాసుకు చేర్చింది నెవిల్ విన్సెంట్, మధ్యలో దిగింది బళ్లారిలో. కొన్నాళ్లకు టాటాలు బళ్లారిని వదిలి హైదరాబాద్ మీదుగా మార్గం మార్చుకున్నారు. రైలు విషయంలో రెండుసార్లు పక్కన పడ్డ నగరం గాలి దారిలో మాత్రం నెగ్గిందని మురిసిపోవచ్చు. బళ్లారివాళ్ల సంగతి వాళ్లనే అడగాలి. ఆ పదేళ్లలోనే బేగంపేటలో విమానాశ్రయం లేచింది, పైలట్ బాబర్ మీర్జా చొరవతో ఏరో క్లబ్ వచ్చింది, 1937లో టెర్మినల్ భవనం కట్టారు.

నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ 1946లో డకోటా విమానాలతో ఎగరడం మొదలెట్టింది. ఈ కంపెనీ గురించి ఒక్క సంగతి తప్పక చెప్పాలి. 1947లోనే కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్‌కు ఆడపిల్ల అన్న కారణంతో ఎనిమిది కంపెనీలు తలుపులు మూశాయి. ఆమెకు ఉద్యోగమిచ్చింది హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ ఎక్కిన కాక్‌పిట్ బేగంపేట కంపెనీది. 1953లో జాతీయీకరణ జరిగి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిందది.

గుమ్మానికి ఎంత విలువుందో 1948లో తెలిసొచ్చింది. భారత యూనియన్ హైదరాబాద్‌ను నలువైపులా దిగ్బంధించింది. రైళ్లలో ప్రయాణం ప్రాణసంకటమైంది. ఆ మే 22న గంగాపూర్ స్టేషన్‌లో రజాకార్లు రైలు మీద పడి ప్రయాణికులను కొట్టిన ఘటన దేశమంతా మారుమోగింది. భూమి దారులన్నీ మూసుకుపోయాక నిజాం సర్కారుకు మిగిలింది ఆకాశం. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా సాహసికుడు, యుద్ధకాలపు బాంబర్ నుంచి పౌర విమానంగా మార్చిన లాంకాస్ట్రియన్లలో కరాచీ నుంచి రాత్రిళ్లు ఆయుధాలు తెచ్చి దించాడు. బీదర్, వరంగల్ విమాన మైదానాల్లో చీకట్లో చక్రాలు తగిలేవి. సెప్టెంబరు 13న సైనికచర్య మొదలైన వెంటనే భారత వైమానిక దళం గురిపెట్టిన చోట్లలో ఆ మైదానాలున్నాయి. ముందు ఆ గుమ్మం మూయాలి కదా.

నేల మీద సైన్యం ఏ దారిన వచ్చిందో చూస్తే చరిత్ర కాస్త నవ్వుతున్నట్టుంటుంది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి బలగం షోలాపూర్ నుంచి నల్దుర్గ్, జహీరాబాద్ మీదుగా వచ్చింది. మేజర్ జనరల్ రుద్ర బలగం బెజవాడ నుంచి మునగాల, సూర్యాపేట మీదుగా వచ్చింది. రెండూ కలిపితే ఇవాళ్టి 65వ నంబరు రహదారే. ఒకరు ఈ కొస నుంచి, ఒకరు ఆ కొస నుంచి. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చి ఆపాలని చూసినా పెద్దగా ఆలస్యం కాలేదు. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురి ముందు లొంగిపోయాడు. మరుసటి ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఏడో నిజాం విమానాశ్రయానికి ఎదురెళ్లి చేతులు జోడించిన ఫోటో మీరు చూసే ఉంటారు. తన గుమ్మం దగ్గరికి తానే వెళ్లి నిలబడిన నిజాం ఆయన.

1956లో రాష్ట్రం ఏర్పడ్డాక జనం వెల్లువ మొదలైంది. కర్నూలు నుంచి మీటర్‌గేజి బండి కాచిగూడలో దింపేది. కోస్తావాళ్లకు 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఒక ఇంటి వ్యవహారమైపోయింది. సాయంత్రం వాల్తేరులో ఎక్కి పులిహోర పొట్లం విప్పితే తెల్లారేసరికి మౌలాలి గుట్ట. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలవాళ్లకు మాత్రం నగరం మధ్య మజిలీయే. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని వాళ్లు నవ్వుతూ అనే మాటలో మూడు వేర్వేరు దారులున్నాయి. చాలా ఏళ్లు దుబాయికి పోవాలన్నా ముందు బొంబాయికే పోవాలి. బేగంపేటకు విదేశీ విమానాలు పెరిగాక ఆ గేటు ముందు కనిపించిన దృశ్యం వేరు. పోయేవాడు ఒక్కడు, సాగనంపడానికి వచ్చిన జీపు నిండా జనం. మెళ్లో బంతిపూల దండ, చేతిలో ఏజెంటు ఇచ్చిన కాగితాల కవరు, గేటు అవతల తప్పిపోతాడేమోనని అందరికీ భయం.

బేగంపేట చుట్టూ ఊరు అల్లుకుపోయింది. పక్కనే పబ్లిక్ స్కూలు, గోడకు ఆనుకుని రసూల్‌పురా గుడిసెలు, ముందు సోమాజిగూడ హోటళ్లు. రన్‌వే పొడిగించడానికి జానెడు జాగా లేదు. 2008 మార్చి 14న శంషాబాద్ విమానాశ్రయాన్ని సోనియా గాంధీ ప్రారంభించారు. 23వ తేదీ అర్ధరాత్రి దాటగానే విమానాలు అక్కడి నుంచి మొదలయ్యాయి. బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. మూసేయొద్దని విమానాశ్రయాల ఉద్యోగులు ఆ నెలలోనే సమ్మె చేశారు. అంత దూరం ఎవడు పోతాడని ఊరంతా విసుక్కుంది. 5,500 ఎకరాల విమానాశ్రయం, దానికి పోయే సరైన దారి మాత్రం అప్పటికి ఇంకా కడుతూనే ఉన్నారు. ఇక్కడే ఒక తేదీల తిరకాసుంది. ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క 2008లోనే తెరిచారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు వంతెనదారి 2009 అక్టోబరులో గానీ పూర్తికాలేదు. అంటే కొత్త గుమ్మం దగ్గరి దారి ముందు ఐటీ కంపెనీలకు, ఆ తర్వాతే పాత ఊరికి. 1874లో దండుకు ముందు, రాజధానికి తర్వాత అన్న వరసే ఇదీ. ఇది యాదృచ్ఛికమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దారి ఎవరి ముంగిట్లోకి ముందు పోతుందో చూస్తే ఆ కాలంలో ఊరికి పెద్ద ఎవరో తెలుస్తుంది.

శంషాబాద్ బయలుదేరే ద్వారం దగ్గర ఆగస్టులో ఒక రాత్రి నిలబడండి. అమెరికా చదువులకు పోయే పిల్లల నెల అది. రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. ఇంట్లో కొక్కెం తరాజుతో తూచి తెచ్చినా ఇక్కడ కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. నేల మీదే సూట్‌కేసు తెరిచి అమ్మ కూర్చుంటుంది. కందిపొడి ఉండాలి, ప్రెషర్ కుక్కర్ ఉండాలి, ఆవకాయ సీసా చుట్టూ చుట్టిన మూడు తువ్వాళ్లలో ఒకటి తీసేయొచ్చు. నాన్న చేతిలో ట్రాలీ, మనసు టోకెన్ పార్కింగ్ గడియారం మీద. మూట విప్పకుండా ఈ ఊరి గుమ్మం ఏ కాలంలోనూ దాటనివ్వలేదు.

ఇప్పుడు గుమ్మం ఒక్కటి కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద ప్రతి కూడలీ ఒక గుమ్మమే. ప్రైవేటు బస్సు టికెట్టు మీద దిగే చోట్లు చదివితే అదే ఊరి పటం: ఎల్బీ నగర్, లక్డీకాపూల్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్. సీమ నుంచి వచ్చేవాడు ఆరాంఘర్‌లోనే దిగిపోతాడు. ఇమ్లీబన్ దాకా పోయేవాడు తగ్గిపోయాడు. 2017 నవంబరులో నాగోలు–మియాపూర్ మెట్రో మొదలయ్యాక ఈ చెదురు గుమ్మాలను దారానికి గుచ్చే పని కొంత జరిగింది. విమానాశ్రయం మాత్రం ఆ దారానికి ఇంకా అందలేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సే గతి, లేదంటే క్యాబ్.

సంక్రాంతికి ముందు మూడు రోజులు ఇదంతా తలకిందులవుతుంది. వచ్చే దారులన్నీ పోయే దారులవుతాయి. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు ముందు కార్ల బారు కిలోమీటర్ల పొడవు సాగుతుంది. ఫాస్టాగ్ ఉన్నా ముందువాడిది చదవకపోతే వెనకవాళ్లందరికీ శిక్ష. అరటిపళ్లు, వేడి పల్లీలు అమ్మే పిల్లలు కిటికీల మధ్య తిరుగుతుంటారు. బందరు నుంచి గోల్కొండకు ఎడ్లు నడిచిన దారిలోనే, ఎదురు దిశలో.

రైలు గుమ్మం కూడా మళ్లీ కదులుతోంది. సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫారం దొరక్క బండ్లు శివార్లలో గంటలు నిలబడే రోజులు చూశాక, ఊరికి తూర్పున చర్లపల్లిలో కొత్త టెర్మినల్ కట్టారు. 2025 జనవరి 6న దాన్ని ప్రారంభించారు. కొన్ని దూరపు బండ్లు ఇప్పుడు అక్కడే మొదలై అక్కడే ఆగుతాయి. నాలుగింటికి దిగిన ప్రయాణికుడు మొదట అడిగేది అక్కణ్నుంచి సికింద్రాబాద్‌కు ఆటో ఎంత అనే.

(వచ్చే భాగంలో: 1908 వరదలో కొట్టుకుపోయిన వంతెనలు, మిగిలినవి)